రుచి కోసం చావవలసింది ఎవరు?

మనిషి ప్రాణం నిలబెట్టే మందు కోసం జంతువు ప్రాణం తీయవచ్చునా అన్న ప్రశ్న పాతది. తీయవచ్చునన్నవారూ, కూడదన్నవారూ ఇద్దరూ తమ తమ వాదాలను గట్టిగానే వినిపించారు. నేనిక్కడ ఎత్తదలచిన ప్రశ్న అంత గంభీరంగా కనిపించదు. బిస్కత్తుకు అనాసపండు వాసన రావడం కోసం, చిప్సుకు వెన్న రుచి అబ్బడం కోసం ఒక జంతువును రెండేళ్లపాటు బోనులో పెంచి, రోజూ ఆ రసాయనాన్ని దాని కడుపులో పోసి, చివరకు కోసి చూడవచ్చునా? ప్రశ్న చిన్నదిగా కనిపించడానికి కారణం ఎలుక చిన్నది కావడం కాదు. మనం రోజూ తినేది ఎక్కడినుంచి వస్తున్నదో అడిగే అలవాటు మనకు పోయింది.

దీనికి చప్పున తట్టే సమాధానం ఒకటుంది: రుచి విలాసం గనుక విలాసం కోసం ప్రాణం తీయడం అన్యాయం, ఆపించండి. మన ప్రభుత్వం ఒక విషయంలో ఈ పని చేసింది కూడా. సౌందర్య సాధనాలను జంతువులపై పరీక్షించడాన్ని 2014లో నిషేధించింది. అలా పరీక్షించినవాటి దిగుమతిని అదే ఏడాది ఆపింది. పెదవుల రంగు కోసం కుందేలు కన్ను పోగొట్టరాదన్నది మంచి నియమమే. అయితే పెదవుల రంగు వేసుకోనివారు కోట్లమంది వున్నారు. తిండి తిననివారు లేరు. రుచిద్రవ్యాలను అంగళ్లలో వుండనిచ్చి వాటి పరీక్షలను మాత్రం ఆపితే పరీక్ష ఆగిపోదు. ఎలుక దగ్గరనుంచి మనిషి దగ్గరికి జరుగుతుంది. ఏ మనిషి దగ్గరికి జరుగుతుందన్నదే అసలు సంగతి.

ముందు ఆ పరీక్ష ఎలా జరుగుతుందో చూద్దాం. ఒక పదార్థం క్యాన్సర్ కలిగిస్తుందా లేదా అని తేల్చడానికి దేశదేశాలవారు ఒప్పుకున్న పద్ధతి వుంది. ఒక్కో మోతాదుకు కనీసం 50 మగ, 50 ఆడ జంతువులు, మూడు మోతాదులు, ఏమీ ఇవ్వకుండా పోలికకోసం వుంచిన గుంపు మరొకటి. ఒక జాతికి 400 ప్రాణాలు. సాధారణంగా ఎలుకా, చుంచూ రెండింటిమీదా చేస్తారు గనుక 800. రెండేళ్ల తరువాత, అంటే దాదాపు వాటి ఆయుర్దాయం చివర, బతికివున్నవాటిని చంపి అవయవాలన్నిటినీ కోసి సూక్ష్మదర్శిని కింద చూస్తారు.

ఇందులో సాహిత్య విద్యార్థులకు వింతగా తోచే విషయం ఒకటుంది. చాలా పరీక్షలలో రుచిద్రవ్యాన్ని ఎలుక తినదు. గొట్టంద్వారా తిన్నగా కడుపులోకి దింపుతారు. వాసన ఘాటైతే ఎలుక మేత ముట్టదు, ఎంత తిన్నదో లెక్క తేలదు గనుక ఈ ఏర్పాటు. అంటే ఏ రుచికోసం అది చస్తున్నదో ఆ రుచి దాని నాలుకకు అందనే అందదు. పైగా ఎలుకకు వాంతి చేసుకునే శక్తి లేదు. దాని శరీర నిర్మాణమే అంత. పోసినదాన్ని తిప్పికొట్టలేని జంతువు అది. దాన్ని ఎన్నుకోవడానికి అదే కారణం కాదుగాని, ఈ సంగతి తెలిసిన తరువాత మరిచిపోవడం కష్టం. మా తరగతిలో ఒక విద్యార్థిని దీన్ని విని, "సార్, మరి దానికి రుచి తెలుస్తుందా?" అని అడిగింది. తెలుస్తుంది. శాకరిన్ కలిపిన నీళ్లూ, ఉట్టి నీళ్లూ పక్కపక్కన పెడితే తీపి నీళ్లవైపే పోతుంది.

మోతాదు సంగతి మరొకటి. తులసిలోను, మరికొన్ని సుగంధ ద్రవ్యాలలోను సహజంగా వుండే మిథైల్ యూజినాల్ అనే పదార్థాన్ని అమెరికా జాతీయ విషశాస్త్ర సంస్థ ఎలుకలకూ, చుంచులకూ రెండేళ్లు గొట్టంద్వారా ఇచ్చి 2000లో ఫలితాలు ప్రకటించింది. కాలేయంలో కణితులు లేచాయి. ఇచ్చిన మోతాదులలో అతి తక్కువది శరీరబరువులో కిలోకు 37 మిల్లీగ్రాములు. 60 కిలోల మనిషికి లెక్కగడితే రోజుకు రెండు గ్రాములపై చిలుకు. అంత మిథైల్ యూజినాల్ ఏ మనిషీ తినడు. కంపెనీలవారు వెంటనే పట్టుకునేది దీన్నే. 1977లో కెనడావారి ప్రయోగంలో శాకరిన్ తిన్న ఎలుకలకు మూత్రాశయంలో కణితులు వచ్చాయన్నప్పుడు, రోజుకు వందల సీసాల పానీయం తాగితేగాని మనిషికి ఆ మోతాదు అందదు గదా అని అమెరికా అంతటా నవ్వుకున్నారు.

ఈ నవ్వు వెనక గణితం తెలియకపోవడమో, తెలిసి దాచడమో వుంది. ఒక పదార్థం పదివేలమందిలో ఒకరికి క్యాన్సర్ తెస్తుందనుకుందాం. ఆంధ్రప్రదేశ్ జనాభాను సుమారు ఐదు కోట్లుగా తీసుకుంటే ఐదువేలమంది. చిన్న ఊరంత జనం. కాని 50 ఎలుకల గుంపులో ఆ ప్రమాదం కనిపించే అవకాశమే లేదు. పదివేల ఎలుకలను పెంచలేరు గనుక మోతాదు పెంచుతారు. ఎక్కువ మోతాదు అతిశయోక్తి కాదు, 50 ఎలుకలచేత ఐదు కోట్లమంది తరపున సాక్ష్యం చెప్పించే ఉపాయం. ఆ సాక్ష్యం ఒక్కొక్కప్పుడు తప్పు కావచ్చు. శాకరిన్ విషయంలో అదే జరిగింది. ఎలుక మూత్రపు తత్వం వేరు గనుక అక్కడ స్ఫటికాలు ఏర్పడి మూత్రాశయపు పొరను గీరుతున్నాయనీ, మనిషిలో అలా జరగదనీ తేలి, 2000లో శాకరిన్‌ను అనుమానితుల జాబితానుంచి తీసివేశారు. ఎలుక అబద్ధం చెప్పలేదు. అది తన సంగతి చెప్పింది. మనం మన సంగతిగా విన్నాం.

అందువల్ల ప్రయోగాలన్నీ వ్యర్థమనేవారితో నేను ఏకీభవించను. మన ఇళ్లలోనే దీనికొక ఉదాహరణ వుంది. పసిబిడ్డకు మాటలు బాగా రావాలని వసకొమ్మును చనుబాలలో అరగదీసి నాలుకకు రాయడం తెలుగు ఇళ్లలో తరతరాల ఆచారం. వాగుడుకాయను చూసి "వీడికి వస ఎక్కువ పోశారు" అని నవ్వడం అందరికీ తెలుసు. ఆ వసనుంచి తీసే నూనె ఒకప్పుడు పాశ్చాత్య దేశాలలో రుచిద్రవ్యం. 1967లో జమ్మూ రకం వస నూనెను అమెరికాలో ఎలుకలకు పెట్టి చూడగా చిన్నపేగు మొదటి భాగంలో కణితులు వచ్చాయి. మరుసటి సంవత్సరమే అక్కడ దాన్ని ఆహారంలో నిషేధించారు. దోషి బీటా అసరోన్ అనే పదార్థం. అమెరికాలో పెరిగే వసలో అది వుండదు. మన దేశపు వసలోనే దండిగా వుంటుంది. 2011లో అమలులోకి వచ్చిన మన ఆహారభద్రతా నిబంధనలు ఆహారంలో వాడరాదని పేర్కొన్న రుచిద్రవ్యాల జాబితాలో బీటా అసరోన్ వుంది, మిథైల్ యూజినాల్ కూడా వుంది.

మన పూర్వులది అంతా ప్రకృతి ఆహారం, విషమంతా పాశ్చాత్యుల రసాయనాలలోనే వుందనేవారు ఈ మధ్య ఎక్కువయ్యారు. ఎలుక కాలేయానికి దేశభక్తి లేదు. చెట్టులో పుట్టిన మిథైల్ యూజినాల్‌నూ, సీసాలో పుట్టినదాన్నీ అది ఒకేలా చూస్తుంది. 2018 అక్టోబరులో అమెరికా ప్రభుత్వం మిథైల్ యూజినాల్‌తో సహా ఆరు కృత్రిమ రుచిద్రవ్యాలకు అనుమతి రద్దు చేసినప్పుడు ఒక విచిత్రం జరిగింది. వాడుకలో వున్న మోతాదులో ఇవి ప్రజలకు ప్రమాదకరం కాదని ఆ శాఖే చెప్పింది. అయినా, జంతువులో క్యాన్సర్ కలిగించినదాన్ని ఆహారంలో కలపరాదని 1958నాటి డిలేనీ నిబంధన శాసిస్తున్నది గనుక తీసివేయక తప్పదన్నది. అవే పదార్థాలు ఆకులలో, పండ్లలో సహజంగా వున్నప్పుడు మాత్రం చట్టం జోలికి పోదు. దీన్ని తెలివితక్కువతనమని వెక్కిరించేవారున్నారు. నాకు అలా అనిపించదు. తులసి ఆకులో వున్నదాన్ని ఎవరూ లాభంకోసం పెట్టలేదు. కలిపినదాన్ని ఎవడో కలిపాడు, కలిపి అమ్మాడు. ప్రకృతిని బోనెక్కించలేం. అమ్మేవాణ్ణి ఎక్కించవచ్చు.

ఇక ఎలుక ఎవరి తరపున సాక్ష్యం చెబుతున్నదన్న ప్రశ్నకు వద్దాం. ఈ ప్రశ్నకు సమాధానం వెతకడానికి అమెరికా వెళ్లనవసరం లేదు; తార్నాకదాకా వెళితే చాలు. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1918లో కూనూరులో ఒక్క గదిలో, బెరిబెరి వ్యాధి పరిశోధనకోసం, రాబర్ట్ మెక్‌కారిసన్ చేతిమీదుగా పుట్టింది. 1958లో హైదరాబాదు చేరింది. 1969లో ఇప్పటి పేరు పొందింది. అక్కడి తెల్ల ఎలుకల వంశం 1920నుంచి పెరుగుతూ వస్తున్నది. మన దేశపు ప్రయోగశాలలెన్నిటికో ఎలుకలు సరఫరా చేసిన సంస్థ అది.

మెక్‌కారిసన్ కూనూరులో ఒక ప్రసిద్ధమైన ప్రయోగం చేశాడు. ఎలుకలను గుంపులుగా విడదీసి, ఒక గుంపుకు సిక్కుల తిండి, మరొకదానికి పఠానుల తిండి, ఇంకొకదానికి మద్రాసీల తిండి, ఇలా దేశంలోని రకరకాల జనం తినే ఆహారం పెట్టాడు. గోధుమ రొట్టె, పాలు, వెన్న, పప్పు, కాయగూరలు తిన్న సిక్కు ఎలుకలు పుష్టిగా పెరిగాయి. మరపట్టిన బియ్యంతో సరిపెట్టుకున్న మద్రాసీ ఎలుకలు అందరికన్న వెనకబడ్డాయి. ఆనాటి మద్రాసీలలో మనమూ వున్నాం. నెల్లూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలోది. (ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట తాలూకాల పేదలు ఆ రోజుల్లో తిన్నది ఎక్కువగా జొన్న, సజ్జ, రాగి సంకటే గాని మరబియ్యం కాదు. ఆ తిండి ఏ ఎలుకకూ పెట్టినట్టు లేదు.) ఇంగ్లండు పేద కార్మికులు తినే తెల్లరొట్టె, కృత్రిమ వెన్న, తీపి టీ, డబ్బా మాంసం పెట్టినప్పుడు ఎలుకలు బక్కచిక్కడమే కాక, బలహీనమైనవాటిని చంపి తినసాగాయని కూడా ఆయన గమనించాడు.

ఆయన నిజాయితీగల శాస్త్రజ్ఞుడు, సందేహం లేదు. కాని బోను మీద ఆయన అంటించిన పేర్లు జాతులవి, ప్రాంతాలవి. కొలిచింది మాత్రం మరొకదాన్ని. పాలూ వెన్నా పప్పూ కొనగలిగినవాడికీ, బియ్యంతో కడుపు నింపుకొనేవాడికీ మధ్య వున్న దూరాన్ని కొలిచాడు. సిక్కులలో పేదలు లేరా, మద్రాసులో పెరుగన్నం తినేవారు లేరా? వర్గానికి జాతి అని పేరు పెట్టడం ఆనాటి పాలకుల అలవాటు. ఎలుకకు ఆ అలవాటు లేదు గనుక అది పెట్టిన తిండికి తగ్గట్టే పెరిగింది.

ఈ విషయాన్ని హైదరాబాదు శాస్త్రజ్ఞులు మరింత లోతుకు తీసుకుపోయారు. బూజుపట్టిన వేరుశనగలో పుట్టే అఫ్లటాక్సిన్ అనే విషాన్ని మాధవన్, గోపాలన్ అనే ఇద్దరు ఎలుకలకు పెట్టి 1960లలో ఫలితాలు ప్రకటించారు. ఇది రుచిద్రవ్యం కాదు నిజమే. కాని అన్ని ఆహార పరీక్షలకూ ఇందులో పాఠం వుంది. ఆహారంలో 20 శాతం ప్రొటీను వున్న ఎలుకలకు ఆ విషంవల్ల కాలేయంలో కణితులు వచ్చాయి. 5 శాతం ప్రొటీనుతో ఈడ్చుకొచ్చినవాటికి రాలేదు. అంతమాత్రాన ఆకలి మంచిదని కాదు. అదే విషం తక్షణం కాలేయాన్ని దెబ్బతీయడంలో అర్ధాకలి ఎలుకలే ఎక్కువ నష్టపోయాయి. విషం ఒకటే, జంతువు ఒకటే. తిండి మారేసరికి చావు రూపం మారింది. తరువాత అదే సంస్థలో కమలా కృష్ణస్వామి, కుపోషణకు గురైనవారి శరీరం మందులను అరిగించుకునే తీరు పుష్టిగలవారికన్న ఎలా భిన్నంగా వుంటుందో ఏళ్లతరబడి పరిశోధించి చూపారు.

ఇప్పుడు రుచిద్రవ్యాల ఎలుకను మళ్లీ చూడండి. దానికి కొలిచిన మేత, పరిశుభ్రమైన నీరు, నిర్ణీతమైన వెలుతురు, ఉష్ణోగ్రత. రోగాలు లేవు, నులిపురుగులు లేవు, రక్తహీనత లేదు. ప్రయోగం ప్రయోగంగా నిలవాలంటే ఇవన్నీ కావలసిందే. కాని ఇంత పుష్టిగా పెరిగిన ఎలుక ఎవరికి ప్రతినిధి? కూలికిపోయే తల్లి ఐదు రూపాయల ప్యాకెట్ చేతికిచ్చి పొలంగట్టున కూర్చోబెట్టిన బిడ్డకు కాదు. ఎలుకకు హాని చేయని మోతాదును నూరుతో భాగించి మనిషికి అనుమతిస్తున్నారు గదా అనవచ్చు. ఆ నూరు ఎక్కడిది? 1954లో అమెరికా ఆహార శాఖకు చెందిన లేమన్, ఫిట్జ్‌హ్యూ అనే ఇద్దరు సూచించిన అంకె. ఎలుకకూ మనిషికీ వున్న తేడా పది రెట్లనీ, మనిషికీ మనిషికీ వున్న తేడా మరో పది రెట్లనీ తరువాతివారు దానికి అర్థం చెప్పారు. ప్రకృతి నియమం కాదు, ఒక ఒడంబడిక. మంచి ఒడంబడికే కావచ్చు. అయితే మనిషికీ మనిషికీ మధ్య తేడా పది రెట్లలోనే ఇమిడిపోతుందని ఒప్పుకున్నప్పుడు ఆ సంతకం చేసినవారిలో మెట్ట తాలూకా కూలి లేడు.

టేస్టింగ్ సాల్ట్ కథ దీనికి దగ్గరదే. 1908లో జపానులో ఇకేడా అనే రసాయన శాస్త్రజ్ఞుడు సముద్రపు నాచునుంచి తీసిన రుచి అది. అజినోమోటో పేరుతో మన ఊళ్లదాకా వచ్చింది. 1969లో జాన్ ఓల్నీ అప్పుడే పుట్టిన చుంచులకు దాన్ని సూదిద్వారా ఎక్కించి, మెదడులో ఒకచోట కణాలు చచ్చిపోవడం, అవి పెద్దవయ్యాక లావెక్కడం గమనించాడు. ఆ ఏడాదే అమెరికాలో పసిపిల్లల డబ్బా ఆహారంలో దాన్ని కలపడం మానుకున్నారు. అసలు పసిపిల్లల ఆహారంలో అది ఎందుకున్నది? బిడ్డ అడగలేదు. చెంచాతో రుచిచూసే తల్లి నాలుకకు నచ్చాలని వేశారు. తరువాత సూదిమందుగా కాక ఆహారంలో కలిపి పెట్టినప్పుడు అలాంటి హాని కనిపించలేదు. మామూలు మోతాదులో పెద్దలకు భయంలేదన్నదే నేటి సామాన్యాభిప్రాయం. అయినా 2017లో ఐరోపా ఆహారభద్రతా సంస్థ ఎలుకల పరీక్షలను ఆధారం చేసుకుని, అదే నూరుతో భాగించి, కిలో బరువుకు రోజుకు 30 మిల్లీగ్రాములని హద్దు గీసింది. మన 2011 నిబంధనలు, దీన్ని కలిపిన ప్యాకెట్ మీద ఏడాదిలోపు పిల్లలకు తగదని రాయాలన్నాయి. మా అనుమసముద్రంపేట దర్గాకు దూరప్రాంతాలనుంచి జనం వస్తారు. అలా జనం చేరే ఏ చోటైనా, సాయంత్రమైతే ఫ్రైడ్ రైస్ బండ్లు బారులు తీరే ఏ బస్టాండు పక్కనైనా చూడండి. మూకుడులోకి పడే ఆ తెల్లని పొడికి లేబులు లేదు. బండివాణ్ణి తప్పుపట్టి లాభం లేదు. చౌక బియ్యానికీ, చౌక నూనెకీ రుచి పుట్టించి పదిమందిని ఆకర్షిస్తేగాని అతనికి ఆ పూట గడవదు.

ఇంతవరకూ ఎలుక ముందు, మనిషి తరువాత అన్న వరసలో మాట్లాడాం. ఆ వరస తలకిందులైన సందర్భం వుంది. అభ్యుదయవాదులు అన్నిటికన్న ముందు తెలుసుకోవలసినది అదే. డయాసిటైల్ అనే పదార్థం వెన్నలో సహజంగా వుంటుంది. వెన్న వాసనకు అదొక కారణం. పాప్‌కార్న్‌కు వెన్నవాసన తెప్పించడానికి దాన్ని కారఖానాలలో పీపాలకొద్దీ కలిపారు. తినడానికి సురక్షితమని అమెరికాలో దానికి గుర్తింపు వుంది. 2000 మే నెలలో మిజౌరీ రాష్ట్రం జాస్పర్ అనే ఊళ్లోని పాప్‌కార్న్ కారఖానాలో పనిచేసిన ఎనిమిదిమందికి ఊపిరితిత్తుల వ్యాధి వచ్చినట్టు ఒక వైద్యుడు ఆరోగ్యశాఖకు తెలియజేశాడు. సన్నని శ్వాసనాళాలు మచ్చకట్టి మూసుకుపోయే వ్యాధి అది. ఒకసారి మూసుకున్నవి తిరిగి తెరుచుకోవు. ఎనిమిదిమందిలో నలుగురు వేడి నూనెలో రుచిద్రవ్యం కలిపే పనివాళ్లు. ఆ తరువాతే ప్రభుత్వ శాస్త్రజ్ఞులు వెన్నవాసన ఆవిరిని ఎలుకలచేత పీల్పించి చూశారు. ఎలుకల శ్వాసనాళాల లోపలిపొర చచ్చిపోయింది.

గమనించండి. తినేవాడి కడుపు గురించి అందరూ ఆలోచించారు. కలిపేవాడి ఊపిరితిత్తులు ఎవరికీ గుర్తుకు రాలేదు. కారణం స్పష్టమే. తినేవాడు కొనుగోలుదారు, అతను భయపడితే సరుకు అమ్ముడుపోదు. కలిపేవాడు జబ్బుపడితే మరొకడు దొరుకుతాడు. ఇక్కడ మొదటి ప్రయోగజంతువు కార్మికుడే. ఎలుకకు దక్కినది రెండో స్థానం, ఆలస్యంగా పిలిచిన సాక్షి స్థానం. అతనికి మోతాదు కొలవలేదు, పోలికకోసం గుంపును వుంచలేదు, జంతువుల విషయంలో మన చట్టం ఏర్పరచినట్టు అనుమతి ఇవ్వడానికి సంఘమూ లేదు. 1960నాటి మన జంతుహింసా నిరోధక చట్టం ప్రయోగాలకు ఒప్పుకుంటూనే వాటిని అదుపుచేసే సంఘాన్ని కల్పించింది. ఎలుకకున్న ఆ కొద్దిపాటి రక్షణ మిజౌరీలో నూనె కలిపినవాడికి లేదు.

మన దగ్గర ఇటువంటిది జరగదనుకోవడం భ్రమ. 2009లో ఖమ్మం జిల్లాలో దాదాపు 14 వేలమంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకాను పరిశీలన పథకం కింద వేశారు. చాలామంది గిరిజన బాలికలు, హాస్టళ్లలో వుండి చదువుకునేవాళ్లు. తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేసిన పత్రాలు బయటపడ్డాయి. 2010 ఏప్రిల్‌లో పథకం ఆగింది. 2013లో పార్లమెంటు స్థాయీసంఘం దీన్ని తీవ్రంగా విమర్శించింది. ఆ కాలంలో చనిపోయిన బాలికల మరణాలకు టీకా కారణమని తేలలేదు. ఆ టీకా ప్రపంచంలో ఎందరికో మేలు చేసింది కూడా. ఈ వ్యాసానికి కావలసినది వేరే సంగతి. అంగీకారం అడగవలసిన చోట, అడగనవసరంలేని మనిషి ఎవరో నిర్ణయించుకున్నారు.

కాబట్టి "జంతువు ముఖ్యమా, మనిషి ముఖ్యమా" అన్న ద్వంద్వం నాకు బూటకంగా తోస్తుంది. ఎలుక కోసం కన్నీరు పెట్టి పాప్‌కార్న్ కార్మికుణ్ణి మరిచేవారున్నారు. మాంసం తినడాన్నే అపవిత్రమనే కులాహంకారానికి అహింస ముసుగువేసి, ప్రయోగశాల మీద యుద్ధం ప్రకటించేవారూ వున్నారు. వారితో మనకు పొత్తు కుదరదు. ఇటు మనవాళ్లలో, మనిషి విముక్తి తరువాత ఎలుక సంగతి చూద్దాంలే అనే ధోరణి వుంది. అదీ సరికాదు. బాధపడే శక్తి వున్నదా అన్నదే ప్రశ్న గాని మాట్లాడే శక్తి వున్నదా అన్నది కాదని బెంథామ్ 1789లోనే చెప్పాడు. మార్క్స్ చదివినవాడికి బెంథామ్ మీద గౌరవం తక్కువగా వుండడం సహజమే. ఈ ఒక్క మాటలో మాత్రం ఆయనతో తగువుపడడానికి నాకు కారణం కనిపించదు.

మన నెల్లూరు జిల్లాలో ఎలుకను చంపేవారిని గురించి ఒక మాట చెప్పాలి. కోతలైన మళ్లల్లో యానాదులు కన్నాలు వెతికి, కుండలో పొగబెట్టి లోపలికి ఊది, ఎలుకలను పట్టుకునేవారు. కన్నం తవ్వి అది దాచుకున్న ధాన్యం తీసుకునేవారు. ఎలుకను కాల్చుకు తినేవారు. దానికి వాళ్లను ఏవగించుకున్న పెద్దమనుషుల పంటనే వాళ్లు కాపాడారు. ఆ చావులో క్రూరత్వం లేదనను. కాని అందులో ఆకలి వుంది, పంట రక్షణ వుంది, చంపినవాడే తిన్నాడు. ఏ ఎలుక ఎందుకు చచ్చిందో చంపినవాడికి తెలుసు. రెండేళ్లు గొట్టంతో మేపి చంపిన 800 ప్రాణాల వెనక ఏ ఆకలి వుంది? ప్యాకెట్లోని పిండికి సొంత రుచి లేదు. తవుడూ, పీచూ, నూనెలూ తీసివేసి నెలల తరబడి నిలవవుండేలా చేసిన పిండి అది. ఆ నిలవ లాభానికి అవసరం. పోయిన రుచిని బయటనుంచి తెచ్చి అతికించడం ఆ లాభానికి రెండో అవసరం. ఎలుక చచ్చింది ఈ రెండో అవసరం కోసం. మనిషి నాలుక కోసమని చెప్పడం మర్యాదకు అనేమాట.

అవసరం అన్న మాటను చట్టం ఎలా అర్థం చేసుకున్నదో చూడండి. రుచిద్రవ్యాలపై 2008లో అంతర్జాతీయ కోడెక్స్ సంఘం మార్గదర్శకాలు వేసింది. హాని చేయరాదు, కొనేవాణ్ణి మోసగించరాదు అన్నది. రుచినివ్వడం, మార్చడం అన్న పనినే దాని వాడుకకు తగిన కారణంగా ఒప్పుకున్నది. రుచి ఎందుకు పోయిందన్న ప్రశ్న ఎక్కడా రాదు. అమెరికాలోనైతే 1960నుంచి రుచిద్రవ్యాల ఉత్పత్తిదారుల సంఘమే నియమించుకున్న నిపుణులు ఏవి సురక్షితమో చెబుతూ వచ్చారు. అలా ఆమోదం పొందినవి రెండువేల పైచిలుకు. వాటిలో ప్రతిదాన్నీ ఎలుకకు పెట్టి చూడలేదు. ఒకదాని అణునిర్మాణం మరొకదాన్ని పోలివుంటే, వాడే మోతాదు స్వల్పమైతే, అంతటితో ఒప్పుకుంటారు. ఎలుకలకు ఇది మంచివార్తే. కాని ఆ సంఘం కూర్చున్నది ఎవరి బల్లచుట్టూ అన్నది మరచిపోరాదు.

నేను అడిగేది ప్రయోగశాలలను మూయమని కాదు. వస విషయంలో ఎలుక చెప్పకపోతే మనకు ఎవరు చెప్పేవారు? ఇప్పటికే వాడుకలో వుండి పిల్లల కడుపుల్లోకి పోతున్నదాన్ని పరీక్షించడం న్యాయమే. తప్పనిసరి కూడా. కొత్త వాసన ఒకటి అంగడికి తేవాలని కంపెనీ ఉబలాటపడినంతమాత్రాన దానికోసం కొత్తగా ప్రాణాలు తీసే హక్కు మాత్రం ఎవరికీ లేదు. జంతుపరీక్ష అవసరమయ్యేటంత అనుమానం వున్న రుచి అసలు అవసరమా అని ముందు అడగాలి. కాదంటే పరీక్షా అక్కరలేదు, సరుకూ అక్కరలేదు. ఆ పరీక్షలో తినేవాడి కడుపుతోపాటు కలిపేవాడి ఊపిరీ లెక్కకు రావాలి. పుష్టిగల ఎలుకలతోపాటు కుపోషణ ఎలా మారుస్తుందో మన హైదరాబాదులోనే తెలిసిన విద్య వుంది. దాన్ని కూడా ఆ లెక్కలో చేర్చాలి.

మరొకటి, వెంటనే చేయదగినది. జంతుపరీక్షల ఫలితాలను కంపెనీలు తమ ఆస్తిగా బీరువాలలో దాచుకుంటాయి. ఒక కంపెనీ చంపి తెలుసుకున్నది మరొక కంపెనీకి తెలియదు గనుక అదే పదార్థానికి అదే పరీక్ష మళ్లీ జరుగుతుంది, మరో 400, మరో 800. వెన్నెముకగల జంతువులపై జరిపిన పరీక్షల ఫలితాలను, ఖర్చు పంచుకునైనా సరే, ఒకరికొకరు ఇచ్చి తీరాలని 2006లో చేసిన తమ రసాయనాల చట్టంలో ఐరోపావారు రాసుకున్నారు. ఆహారంలో కలిపే ప్రతిదానికీ ఇక్కడ ఆ నియమం కావాలని మన విద్యార్థి సంఘాలూ, అధ్యాపక సంఘాలూ అడగవచ్చు. ఆ ఫలితాలు తెలుగులో కూడా అచ్చు కావాలని, పాప్‌కార్న్ కారఖానాలోనైనా మసాలా మరలోనైనా పనిచేసేవాడి చేతికి ఆ కాగితం అందాలని కూడా అడగాలి.